ఒకే తానులోది కాదు

హాల్లో కర్టెను తిరగేసి వేశానని మా వదిన నాతో గొడవ పెట్టుకున్న రోజునుంచి చెప్పాలి ఈ సంగతి.

"ఇది మంచి వైపు కాదమ్మాయ్, వెనక వైపు. దారం ముడులు కనిపించడం లేదూ?" అంది గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

"నాకు ఆ వైపే నచ్చింది వదినా. మెరుపు తక్కువగా ఉంది."

"నచ్చడమేమిటి? బట్టకి ముందూ వెనకా ఉంటాయి. నచ్చిందని మీ ఆయన చొక్కా తిరగేసి తొడుగుతావా?"

"తొడిగినా ఆయన చూసుకోరు."

"మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అన్నారు మా ఆయన పేపరు వెనకనుంచి. అక్కా భార్యా మాటామాటా అనుకుంటున్నప్పుడు ఆయన పేపరు పేజీ తిప్పరు. చదువుతున్నట్టు కనిపించడమే ముఖ్యం.

వదిన మా ఆయనకి అక్క. భర్త పోయాక పన్నెండేళ్ళుగా మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కుట్టుకొట్టు నడుపుతోంది. కొట్టు వెనక ఒక గదీ, వంటిల్లూ ఆవిడ కాపురం. బట్ట విషయంలో ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. అయినా నేను వాదిస్తాను. నా ఇంట్లో నా కర్టెను.

ఆవిడ నా మాట వినలేదు. స్టూలు లాక్కుని ఎక్కేసింది. రింగులు విప్పడానికి చేతులు పైకెత్తి, రెండో రింగు దగ్గర ఆగిపోయింది. కమ్మీని పట్టుకుని అలాగే నిలబడింది. మొహం కందగడ్డలా అయింది.

"దిగండి వదినా."

"దిగుతున్నాలే. స్టూలు పొట్టిది, నేను పొడుగైపోయాను" అంది కానీ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు.

కూర్చోబెట్టాను. అప్పుడు చూశాను కాళ్ళు. చెప్పు పట్టీ పడిన చోట వేలు పట్టేంత గాడి. బొటనవేలితో నొక్కితే పిండిముద్దలో గుచ్చినట్టు సొట్ట అలాగే ఉండిపోయింది. తలెత్తి ఆవిడ మొహం చూశాను. ఆరు నెలలుగా అందరం "వదిన ఒళ్ళు చేసింది" అనుకుంటున్నాం. మొహం పళ్ళెంలా గుండ్రంగా, చేతులు మాత్రం పుల్లల్లా. మోచేతి దగ్గర ఎక్కడా తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు. పై పెదవి మీద నూగు వచ్చిందని మా అమ్మాయి ఆటపట్టిస్తే, "మీ నాన్నకి రాని మీసం నాకైనా రానీ" అని వదినే నవ్వించింది. మేమూ నవ్వాం.

పప్పులో ఒక్క రాయి ఉన్నా కనిపెట్టగలనని నాకు పేరు. కళ్ళెదుట మనిషిని చూడలేకపోయాను.

మా వీధి డాక్టరు రక్తపోటు చూసి, రెండోసారి చూసి, యంత్రం మార్చి మూడోసారి చూశాడు. మర్నాడే స్కానింగుకి పంపాడు. సాయంత్రం డాక్టరే ఫోన్ చేసి రిపోర్టు సంగతి చెబుతుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడి "ఆఁ... ఆఁ... గడ్డ... ఆఁ" అంటూ విన్నారు. ఫోను పెట్టేసి మొహమంతా వెలుగుతో మావైపు తిరిగారు.

"గడ్డ అట! రక్తనాళంలో గడ్డ. అందుకే కాళ్ళ వాపు. సర్జన్‌కి చూపించి మందులు మొదలుపెట్టమన్నాడు. రక్తం పల్చబడితే అదే కరిగిపోతుంది."

"ఓస్, గడ్డే కదా" అంది వదిన. "నేనింకా ఏదో అనుకున్నాను."

అందరం హాయిగా భోంచేశాం. మన భాషలో ఉన్న చిక్కు అప్పుడు తట్టలేదు నాకు. రక్తం పేరుకున్నా గడ్డే, ఒంట్లో కొత్తగా పెరిగినా గడ్డే. డాక్టరు రెండు గడ్డల గురించి చెప్పాడు. మా ఆయన ఒక్కటే విన్నారు, అదీ తనకి కావలసినదే.

మర్నాడు ఇల్లు సర్దుకున్నాక రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను, తెలుగులోనే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటే తిప్పుకుంటూ పోతే, ఎప్పుడో కప్పను కోసి గీసిన బొమ్మలు గుర్తుకొచ్చాయి. కుడి మూత్రపిండం మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథి. అందులో తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ. అది పక్కనున్న మహాసిరలోకి, అంటే ఒంటి కింది సగంనుంచి రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద నాళంలోకి చొచ్చుకుపోయింది. చివరి వాక్యం నాలుగుసార్లు చదివాను. గుండె కుడి గదిదాకా వెళ్ళిందని ఉంది.

కరిగే గడ్డ కాదు. పెరిగే గడ్డ.

వదినకి చెప్పకుండా మా ఆయనా నేనూ రిపోర్టు పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మంచివాడే. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు. ఇది అరుదైన కేన్సరు, పదిలక్షల మందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఒంట్లో ఉండాల్సిన హార్మోను ఇది లెక్కకు మించి వదులుతోంది కాబట్టే మొహం అలా ఉబ్బింది, రక్తపోటు అలా ఉంది. దీనికి అసలైన వైద్యం కోసి తీసెయ్యడమే.

"మరి తీసెయ్యండి" అన్నారు మా ఆయన.

"గుండెదాకా పాకింది కదండీ. గుండె ఆపి, మనిషిని యంత్రం మీద పెట్టి తియ్యాలి. ఈ రక్తపోటుతో, ఈ నీరసంతో ఆవిడ బల్లమీంచి లేవరు. నేను చెయ్యను. చేస్తామని ఎవరైనా అన్నా ఆలోచించుకోండి."

ఇంటికి వస్తూ మా ఆయన నాకన్నా ముందు నడిచారు. వీధి మలుపులో ఆగి, "అక్కకి చెప్పొద్దు" అన్నారు. "గడ్డ అనే చెబుదాం. అది అబద్ధం కూడా కాదు."

నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. స్కానింగు ఫిల్ముల కవరు బీరువాలో చీరల కింద పెట్టాను.

మూడోరోజు చూస్తే కవరు లేదు.

నేరుగా కొట్టుకి వెళ్ళాను. కుట్టుమిషన్ మీద సగం కుట్టిన స్కూలు చొక్కా అలాగే ఉంది. వదిన చెవి వెనక సుద్దముక్కతో, వీధివైపు అద్దాల తలుపుకి ఫిల్ములు ఆనించి పట్టుకుని, ఎండ వెలుగులో చూస్తోంది. ఒక్కొక్క ఫిల్ము మీద తపాలా బిళ్ళలంత చిన్న చిన్న బొమ్మలు, వరసకి ఐదు.

"దొంగతనం కూడా నేర్చారా?"

"చీరల కింద దాచావు. దాచడం కూడా రాదు నీకు" అంది వెనక్కి తిరగకుండా. "మీ ఆయన మూడు రోజులుగా నాతో గౌరవంగా మాట్లాడుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు. అప్పుడే అనుకున్నాను, నా పని అయిపోయిందని."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇక దాచడానికేముంది? అన్నీ చెప్పాను. రెండు గడ్డల సంగతి, గుండె సంగతి, సర్జన్ అన్న మాట. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని, "మహాసిర అన్నావే, అదేదో చూపించు" అంది.

చూపించాను. ప్రతి బొమ్మలోనూ వెన్నుపూసకి పక్కన గుండ్రటి మచ్చ. స్కానింగప్పుడు చేతికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కలిసిన రక్తం తెల్లగా కనిపిస్తుందని, ఆ తెలుపులో నల్లగా ఉన్నదే గడ్డ అని, నాకు తెలిసినంత చెప్పాను. వదిన మెడలో వేలాడే కళ్ళజోడు పెట్టుకుంది. కింది వరసనుంచి పై వరసకి సుద్దముక్కతో ఒక్కొక్క బొమ్మే తట్టుకుంటూ పోయింది. పైదాకా వెళ్ళింది. మళ్ళీ కిందికి వచ్చింది.

"అమ్మాయ్, ఈ రెండూ ఒకే తానులోవి కావు."

"ఏ రెండు?"

"కింద ఉన్న నలుపుకి అంచు ఉంది. కత్తెరతో కోసినట్టు. లోపల సన్నగా ఏవో తెల్ల గీతలున్నాయి. పైన ఉన్న నలుపుకి అంచే లేదు, పొగలా ఉంది. గీతలు లేవు. ఇది ఒక బట్ట, అది ఇంకో బట్ట. రెంటినీ కలిపి ఒకటే అని ఎవరు చెప్పారు?"

"రిపోర్టు రాసిన డాక్టరు."

"చేసిన పని ఎవరైనా ఒకసారి విప్పి చూసుకోవాలి. నేను చూసుకోనా?"

నేనూ లేచి చూశాను. నిజమే. చూడమని ఎవరైనా చెప్పాక ఎంత తేలికగా కనిపిస్తుందో! చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. నిజమే.

"మనం చూసి ఏం లాభం వదినా? మనమేమైనా డాక్టర్లమా?"

"అందుకే డాక్టరు దగ్గరికి పోదాం. చెప్పులు తొడుక్కో."

ఆ సాయంత్రమే బయల్దేరుతూ మా ఆయనకి చెప్పాను, పెద్దాసుపత్రిలో స్కానింగులు చదివే డాక్టరమ్మకి ఫిల్ములు చూపిస్తామని. "గుడ్డలు కుట్టేదీ, వంట చేసేదీ కలిసి డాక్టరుకి తప్పులు చెబుతారా?" అన్నారు. అది జరిగి నాలుగేళ్ళయినా ఆ మాటకి బదులు ఆయనకి వదిన ఇస్తూనే ఉంది. ఇంట్లో ఏ బొత్తాం ఊడినా, "గుడ్డలు కుట్టేదాన్ని నేనేం చెప్పగలను, ఎవరైనా సర్జన్‌కి చూపించుకో" అంటుంది.

పెద్దాసుపత్రిలో ఆ గది కింది అంతస్తులో, కిటికీల్లేకుండా ఉంది. లైట్లు తగ్గించి, రెండు పెద్ద తెరల ముందు ఒక డాక్టరమ్మ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. ఏసీ చలికి స్వెటరు వేసుకుంది. ఫిల్ముల కవర్లోనే ఉన్న స్కానింగు సీడీ పెట్టి మౌస్ తిప్పుతుంటే, తపాలా బిళ్ళలుగా చూసినవన్నీ తెరమీద ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి. రెండోసారి పైకి వెళ్తూ ఆగింది.

"మీకు దీనిమీద అనుమానం ఎందుకొచ్చింది?"

నేను నోరు తెరిచేలోగానే వదిన అంది, "కిందిదానికి అంచుందండి, పైదానికి లేదు."

డాక్టరమ్మ కుర్చీ తిప్పి ఆవిడవైపు చూసింది. "ఏం చేస్తుంటారు మీరు?"

"బట్టలు కుడతాను."

"మరి ఫిల్ములు చూడటం ఎక్కడ నేర్చుకున్నారు?"

"కొట్లోనే. ఎండ బాగా వస్తుంది."

డాక్టరమ్మ నవ్వి, ఇంకో కుర్చీ లాగి వదినని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. ఆవిడ చెప్పిన తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. చేతికి ఎక్కించిన మందు కిడ్నీల రక్తంలోకి త్వరగా చేరుతుంది. కాళ్ళ రక్తంలోకీ, లివర్ రక్తంలోకీ ఆలస్యంగా చేరుతుంది. ఈ రక్తాలన్నీ మహాసిరలో కలుస్తాయి. పూర్తిగా కలవకముందే బొమ్మ తీస్తే, మందు అందని రక్తం నల్లటి చారలా కనబడుతుంది. అచ్చం గడ్డలాగే.

"టీలో పాలు పోసి చెంచా తిప్పకముందు చూసినట్టు" అన్నాను.

"సరిగ్గా అంతే. వీళ్ళు చెంచా తిప్పకముందే తీశారు. పైన కనిపించేది అదే అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అంటున్నాను, అదేనని కాదు." తరువాత తెరమీద కిందికి వచ్చింది. గొంతు కాస్త తగ్గింది. "కిందిది మాత్రం అలాంటిది కాదమ్మా. రక్తం గడ్డ కూడా కాదు. లోపల తెల్ల గీతలున్నాయన్నారే, అవి దాని సొంత రక్తనాళాలు. మందు తాగుతోంది. అంటే ప్రాణమున్నది. కణితి."

నేను వదిన భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ చెయ్యి తీసెయ్యలేదు గానీ, తెరమీంచి చూపు తిప్పలేదు.

"కణితి" అని తనలో తాను అనుకున్నట్టు అంది. "మొన్నటినుంచి గడ్డ గడ్డ అని చంపుతున్నారు. దీనికో పేరుందన్నమాట."

మర్నాడు పొద్దున్నే మళ్ళీ స్కాన్ తీశారు. ఈసారి డాక్టరమ్మ దగ్గరుండి తీయించింది. ఒకసారి మందు ఎక్కించిన వెంటనే, ఒకసారి నిమిషం దాటాక, ఇంకోసారి మూడు నిమిషాలు ఆగి. నేనూ మా ఆయనా బయట బల్లమీద కూర్చున్నాం. ఆయన పేపరు తెచ్చుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళమీద పెట్టుకుని, తలుపు మీద వెలిగే ఎర్ర లైటునే చూస్తున్నారు.

"చిన్నప్పుడు నన్ను బడికి ఎత్తుకుని తీసుకెళ్ళేది" అన్నారు.

వదిన బయటికి వస్తూనే మొదలుపెట్టింది. "ఆ గొట్టంలో ఒకామె గొంతు ఉందర్రా. ఊపిరి తీసుకోండి, ఆపండి అంటుంది. ఇక వదలండి అనడం మరిచిపోయిందేమో అని భయపడ్డాను."

ఇంతలో డాక్టరమ్మ తలుపు తీసి మమ్మల్ని లోపలికి పిలిచింది. ఆవిడ మొహం చూస్తే నాకేమీ అర్థం కాలేదు. డాక్టర్ల మొహాలకి ఇస్త్రీ చేసి ఉంచుతారేమో. ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. ఆవిడ కిందినుంచి మొదలుపెట్టి మౌస్ నెమ్మదిగా తిప్పింది. కాళ్ళ వైపునుంచి వచ్చే నాళం తెల్లగా. కిడ్నీల దగ్గర తెల్లగా. అదిగో, పక్కనుంచి కణితి లోపలికి తొంగిచూసింది, బొటనవేలిలా. బొమ్మ బొమ్మకీ పైకి పెరిగింది. నాళంలో సగం నిండింది. ఇంకా పైకి. అప్పుడు ఆ వేలు సన్నబడింది. చివర గుండ్రంగా తిరిగింది. తరువాతి బొమ్మలో లేదు.

లేదు. ఆ తరువాత బొమ్మలోనూ లేదు. లివర్ సిరలు వచ్చి కలిసేచోట నాళమంతా ఒకే తెలుపు. గుండె గది వచ్చింది, శుభ్రంగా, ఒక్క మచ్చ లేకుండా, వెన్నెల నింపినట్టు.

"గుండెలో ఏమీ లేదు" అంది డాక్టరమ్మ. "ఎప్పుడూ లేదు. మొన్న చూసింది కలవని రక్తం. లివర్ సిరలకి రెండు సెంటీమీటర్ల కిందే ఇది ఆగిపోయింది. ఊపిరితిత్తుల్లోనూ, లివర్‌లోనూ ఎక్కడా మచ్చల్లేవు."

మా ఆయన గోడకి ఆనుకున్నారు. "అంటే?" అన్నారు. "అంటే? అంటే ఏమిటండీ?"

"అంటే సర్జన్‌ని పిలుస్తున్నాను."

ఆసుపత్రి సర్జన్ పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. నిలబడే తెరంతా చూశాడు. కణితి కొసకీ, లివర్ సిరలకీ మధ్యనున్న ఆ రెండు సెంటీమీటర్ల చోటు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ నాళాన్ని క్లాంపుతో బిగించి పట్టొచ్చు. చోటుంది. గుండె ఆపక్కర్లేదు. ముందు రెండు వారాలు మందులతో ఆ హార్మోన్ని, రక్తపోటుని దారికి తెద్దాం. తరువాత తీసేద్దాం."

వదిన ఆ రెండు సెంటీమీటర్లనీ తదేకంగా చూసింది. "కుట్టుకి మార్జిన్ ఉందన్నమాట" అంది.

"అదేనమ్మా! సరిగ్గా అదే."

"ఒక్క మాట అడగనా? లోపలున్న వేలు నాళం గోడకి అంటుకుందా, విడిగా వేలాడుతోందా?"

సర్జన్ డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ "బట్టలు కుడతారు" అంది, అదే సమాధానం అన్నట్టు.

"వేలాడుతున్నట్టే ఉంది" అన్నాడాయన. "కానీ తెరిచి చూస్తేనే నిజం తెలుస్తుంది. అంటుకుంటే గోడలో ఆ ముక్క కత్తిరించి అతుకు వేస్తాను. ప్రమాదం లేదని చెప్పను. పెద్ద ఆపరేషను. తీసినా మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు, స్కానింగులు చేయించుకుంటూనే ఉండాలి. కానీ ఇది చేయదగ్గ పని."

అతుకు అవసరం రాలేదు. ఆ సంగతి తరువాత, ఐదుగంటల ఆపరేషన్ అయ్యాక తెలిసింది. లోపలి వేలు చేతొడుగులోంచి వేలు ఊడినట్టు ఊడి వచ్చిందట. ఆ రోజు మాత్రం మాకు తెలిసింది రెండు సెంటీమీటర్ల చోటు ఉందని మాత్రమే. అంత చోటులో మా ఇల్లంతా పట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం వదినని కొట్టుకి పోనివ్వలేదు. నలుగురం మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాం. మా అమ్మాయికి కాలేజీ నుంచి రాగానే అంతా చెప్పాం. అది ఏడుస్తూ నవ్వుతూ వాళ్ళత్త పక్కనే కుర్చీ వేసుకుంది. నాలుగు రోజుల తరువాత వంట రుచి తెలిసింది నాకు. కూరలో ఉప్పు తక్కువైంది. ఎవరూ అనలేదు. వదిన కూడా అనకపోవడం చూసి నేనే ఉప్పు తెచ్చి పెట్టాను.

మా ఆయన మాత్రం అన్నం కలుపుతున్నారే గానీ తినడం లేదు. "అక్కా, తొందరేం లేదు" అని మొదలుపెట్టారు. "కత్తి పెడితే పాకుతుందంటారు. ఇంకో ఇద్దరిని అడుగుదాం. ఎవరో చెప్పారు, కొయ్యకుండానే మందులతో..."

"ఎవరో అంటే?"

"ఆఫీసులో ఒకతను."

"అతనికి వచ్చిందా కణితి?"

"అతనికి కాదు..."

"వాళ్ళక్కకి వచ్చిందా?"

"లేదులే అక్కా. నాకు భయంగా ఉంది. అంతే." ఆ మాట ఆయన నోటివెంట నేను ఇరవై ఏళ్ళలో మొదటిసారి విన్నాను.

వదిన కాసేపు తమ్ముడినే చూసింది. వెటకారం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు.

"నాకూ ఉందిరా" అంది. "నిన్నటిదాకా వేరే భయం. చేసేదేమీ లేదనే భయం. అది పోయింది. ఇప్పుడున్నది చేయించుకోవడానికి భయం. ఈ భయంతో నేను పడుకోగలను, లేవగలను, నడిచి ఆసుపత్రికి పోగలను."

ఆవిడ కంచంలో చివరి ముద్ద తిని, నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, అందరినీ ఒక వరసలో చూసింది.

"వినండి. సోమవారం ఆసుపత్రిలో చేరుతున్నాను. రెండు వారాలు మందులు వాడి కణితి తీయించేసుకుంటాను. తమ్ముడూ, సంతకం నువ్వు పెడతావు, చెయ్యి వణకకుండా. అమ్మాయ్, గదిలో నా దగ్గర నువ్వుంటావు. డాక్టర్లు చెప్పిన ప్రతి మాటా విప్పి చూసి నాకు చెబుతావు, ఒక్కటీ దాచకుండా. ఇది మిమ్మల్ని అడగడం కాదు, చెప్పడం."

"మరి నేనత్తయ్యా?" అంది మా అమ్మాయి.

"నువ్వు రోజూ వచ్చి నన్ను నవ్వించకుండా ఉండు. కుట్లు పిగిలిపోతాయి."

మా ఆయన ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుని, "సోమవారమే" అన్నారు.

"సోమవారమే" అంది వదిన. కంచం నావైపు జరిపి, "ఏం చూస్తావు, పెరుగన్నం పెట్టు" అంది.